కాయిల్ మీద నూగు

గొట్టం చివర బొటనవేలు సగం అడ్డం పెట్టి, నీటిధార విసనకర్రలా విచ్చుకునేటట్టు చేసి, అతను చిల్లర్ పక్క పలకల మీద పైనుంచి కిందికి కొడుతున్నాడు. అడ్డంగా ఎప్పుడూ కొట్టడు. కాయిల్ మీద పేర్చి ఉండే అల్యూమినియం రేకులు కాగితమంత పల్చన. ధార అడ్డంగా తగిలితే వంగిపోతాయి, వంగితే మధ్యలో గాలి ఆడదు, గాలి ఆడకపోతే అంత పెద్ద యంత్రమూ మెట్లెక్కిన ముసలివాడిలా ఆయాసపడుతుంది. మొదట నల్లటి నీళ్ళు కారాయి, తర్వాత బూడిదరంగువి, ఆ తర్వాత పల్చటి టీ లాంటివి. ఏ రంగూ లేని నీళ్ళు కారేదాకా అతను పక్క పలక జోలికి పోడు. ఈ రోజు మాత్రం టీ రంగు ఇంకా వదలకముందే పక్కదానికి జరిగాడు, గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి వచ్చాడు, వచ్చి తనలో తాను నవ్వుకున్నాడు.

నాటకశాల వెనక పెరట్లో ఎత్తయిన సిమెంటు దిమ్మ మీద ఉంటుంది ఆ చిల్లర్. దాని పని నీటిని చల్లబరచడం. ఆ చల్లటి నీరు గొట్టాల్లో లోపలికి వెళ్ళి, వేదిక వెనక గదిలో ఉన్న ఇంకో కాయిల్‌లో తిరుగుతుంది. అక్కడి బ్లోయరు హాల్లోని గాలిని లాక్కుని ఆ కాయిల్ మీదుగా మళ్ళీ హాల్లోకి నెడుతుంది. జనం హాయిగా కూర్చుని నాటకం చూస్తారు. బయట ఒక కాయిల్, లోపల ఒక కాయిల్. ఆ రెండింటి మధ్యా తిరుగుతూనే అతని జుట్టంతా రాలిపోయింది.

జుట్టు లేని ఆ మనిషిని అందరూ దువ్వెన అని పిలుస్తారు. వంగిన రేకుల్ని సరిచేసే పళ్ళపట్టీ ఒకటి ఎప్పుడూ అతని చొక్కా జేబులో ఉంటుంది, అచ్చం దువ్వెనలాగే. కొత్తవాళ్ళు ముందు ఆ జేబు వైపు, తర్వాత నున్నటి తల వైపు చూసి నవ్వు ఆపుకోలేరు. అతనికి కోపం రాదు. "నా తల మీద పని ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు యంత్రాల తలలు దువ్వుతున్నా" అంటాడు. పొట్టి మనిషి, లావుపాటి మణికట్లు. నీళ్ళలోనూ కాయిల్ కడిగే మందు నురగలోనూ నాని నాని అరచేతులు ఎప్పుడు చూసినా తెల్లగా, అప్పుడే ఉతికి పిండినట్టుంటాయి. తల మీద లేని వెంట్రుకలన్నీ కనుబొమల్లోకి దిగాయేమో అనిపిస్తుంది. కుడిచెవి కాస్త మందం. అందుకని ఎడమచెవి ముందుకు పెట్టి వింటాడు, మనుషుల్నయినా కంప్రెసర్లనయినా.

"ఏంటన్నయ్యా, చిల్లర్‌కి స్నానం చేయిస్తున్నావా, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?"

అడిగింది కరెంటు. నాటకశాలలో దీపాలు, తీగలు చూసుకునే ఆవిడ పేరు అదే అయిపోయింది. భారీ మనిషి, ఆవిడ ఎక్కితే నిచ్చెన మూలుగుతుంది. పెరటి గడపలో కూర్చుని తీగ తొక్క ఒలుస్తోంది.

"ఈ మధ్యాహ్నం నాటకంవాళ్ళ ఆఖరి ఆట కదా చెల్లెమ్మా. ఇది కూడా కాస్త అందంగా ఉండాలి."

"ఆట సంగతి కాదులే. వదిన వెళ్తోందని నీకు కాళ్ళు నేల మీద నిలవట్లేదు. చూస్తూనే ఉన్నా."

అతను గొట్టం కట్టేసి, జేబులోంచి దువ్వెన తీసి, వంగిన రేకుల వరుసలో పళ్ళు జొనిపి నెమ్మదిగా పైకి లాగాడు. రేకులు ఒకదాని వెంట ఒకటి టిక్కు టిక్కుమంటూ నిలబడ్డాయి. చిన్నప్పుడు ఎవరో చిక్కు తీస్తుంటే ఓపిగ్గా కూర్చున్న పిల్లలా ఆ యంత్రం అతని చేతికింద ఒదిగి ఉంది. దువ్వుతూ ఏదో పాట కూనిరాగం తీశాడు. అతనికి పాట రాదు, ఆ సంగతి అతనికీ తెలుసు.

ఊరూరా తిరిగే ఆ నాటక బృందం ఎండలు మొదలవుతుండగా ఈ ఊళ్ళో దిగింది. దిగీదిగగానే వాళ్ళ టైలరు జబ్బుపడి ఇంటికెళ్ళిపోయాడు. మొదటి ఆట ఇంకాసేపట్లో మొదలవుతుందనగా రాజుగారి అంగీ మేకుకు పట్టుకుని వీపు మధ్యలో నిలువునా చిరిగింది. నాటకశాల మేనేజరు వసారాలో అటూ ఇటూ పరుగెడుతుంటే, డ్రెయిన్ పైపు పట్టుకుని నిలబడ్డ అతను "మా ఇంట్లో టైలరుందండీ" అన్నాడు. అతని భార్య సంచిలో కత్తెర వేసుకుని వచ్చింది. విప్పడానికి టైము లేదు. రాజుగారిని అలాగే నిలబెట్టి వీపు మీద కుట్టేసింది. రాజుగారు ఊపిరి బిగబట్టి, "అమ్మా, నన్ను కలిపి కుట్టెయ్యకు" అన్నాడు. ఆమె నోట్లో సూది పెట్టుకుని నవ్వింది.

అప్పటిదాకా ఆమె కుట్టినవి స్కూలు యూనిఫారాలు. నీలం లాగు, తెల్ల చొక్కా. నీలం గౌను, తెల్ల కాలరు. ఆ వీధిలో పెరిగిన పిల్లల మోకాళ్ళన్నీ ఆమె కుట్టిన బట్టల్లోనే చిరిగాయి. ఆమెకీ అతనికీ పిల్లలు కలగలేదు. ఆ మాట ఎత్తడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. నీలం గుడ్డ మీద నీలం దారం, తెల్ల గుడ్డ మీద తెల్ల దారం, అలా ఏళ్ళు గడిచాయి. ఈ వేసవిలో మాత్రం ఆమె చేతికి జలతారు తగిలింది, మఖమలు తగిలింది, వనదేవత రెక్కలు, భూతాల తోకలు, దొంగల టోపీలు తగిలాయి. ఇంటికొచ్చాక కూడా గాల్లో ఏదో కొలుస్తూ మాట్లాడేది. బృందాన్ని నడిపే ముసలావిడను అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ ఒకరోజు, "మాతో ఒక ఏడాది తిరుగుతావా? నచ్చకపోతే వచ్చేద్దువుగాని" అని అడిగింది. అడిగింది ఆమెను, ఎగిరి గంతేసింది అతను.

ఆ సాయంత్రమే చక్రాల పెట్టె కొనుక్కొచ్చాడు. ఖాళీ పెట్టెను వంటింట్లోంచి ముందుగదిలోకి, ముందుగదిలోంచి వంటింట్లోకి దొర్లించి చూపించాడు. పాలవాడికి చెప్పాడు, పక్కింటివాళ్ళకి చెప్పాడు, తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చెప్పాడు.

తీరా ఈ రోజు పొద్దున టీ గ్లాసు అతని చేతికిస్తూ ఆమె, "నేను వెళ్ళట్లేదు. ఆట అయ్యాక పెద్దక్కకి చెప్పేస్తాను" అంది. అంతే. పెట్టె గోడవార ఖాళీగా నిలబడి ఉంది. ఆ మాట అతని చెవిలో పడిందే గాని లోపలికి దిగలేదు. "సరే, ముందు పనికి పద" అన్నాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమె ఊఁ కొడుతూనే ఉంది. ఇప్పుడు దువ్వుతుంటే కూడా, వెళ్తుంది, ఎందుకు వెళ్ళదు, సాయంత్రానికి అదే సర్దుకుంటుంది అనుకుంటున్నాడు. అనుకున్నకొద్దీ చెయ్యి తొందరపడుతోంది.

మేనేజరు మొహం తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చాడు. "దువ్వెనా, బయటది సరేగాని లోపల చూశావా? వేదిక మీదికి గాలే రావట్లేదు. నిన్న రాజుగారి మీసం చెమటకి ఊడి మంత్రి భుజం మీద పడింది. జనం నవ్వారు. అది ఏడవాల్సిన చోటు."

"బ్లోయరు తిరుగుతోందా?"

"తిరుగుతోంది. శబ్దం వస్తోంది, గాలి రావట్లేదు. ఈ రోజు ఒక్క కుర్చీ ఖాళీ లేదయ్యా."

"లోపలి కాయిల్ వంతు కూడా ఈ రోజే. వస్తున్నా పదండి."

బ్లోయరు గది వేదిక వెనక సన్నటి నడవా చివర ఉంది. దాని పక్కనే బట్టల గది. రెండింటికీ మధ్య గోడలో పెద్ద జాలీ ఒకటి, దాంట్లోంచే బ్లోయరు గాలి లాక్కుంటుంది. అతను ముందు కరెంటు చేత స్విచ్చి కట్టేయించి, మీట మీద తన ఎర్రగుడ్డ కట్టించాడు, ఎవరూ పొరపాటున వెయ్యకుండా. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని రేకు తలుపు మరలు విప్పాడు. ముందుండే ఫిల్టర్లలో ఒకటి నడిమికి చిరిగి కిందికి జారి ఉంది. దాని వెనక టార్చి వేసి చూసి, అలాగే ఉండిపోయాడు.

"ఏంటన్నయ్యా? ఎలకా?" అంది కరెంటు వెనక నుంచి.

"ఎలక కాదు. ఇలా రా. నువ్వూ చూడు."

ఎన్నో ఏళ్ళుగా అతను కాయిల్స్ కడుగుతున్నాడు. ఆఫీసులవి, దుకాణాలవి, ఆసుపత్రివి. ఎక్కడైనా పట్టేది ఒకటే రంగు, బూడిదరంగు. దుమ్ముకి ఊరేదైనా రంగు మారదు. కాని ఈ కాయిల్ నిండా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఒక మెత్తటి నూగు దుప్పటి కప్పుకుని ఉంది. కుంకుమ ఎరుపు, నెమలి నీలం, పచ్చటి పసుపు, లేత ఆకుపచ్చ. మధ్యమధ్య జలతారు పీచు టార్చి వెలుగుకి తళుక్కుమంటోంది. అడుగున మొదటి నాటకం ఎరుపు, దాని మీద రెండో నాటకం నీలం, పొరలు పొరలుగా. ఆమె కత్తిరించిన ప్రతి గుడ్డా, విప్పిన ప్రతి కుట్టూ విదిల్చిన నూగంతా జాలీలోంచి ఎగిరొచ్చి, చిరిగిన ఫిల్టరు దాటి, చల్లటి తడి రేకులకు అతుక్కుపోయింది.

"అబ్బ" అంది కరెంటు.

అతను గోరుతో ఒక మూల లేపాడు. ఊడి వచ్చింది. నెమ్మదిగా లాగాడు. తడిసిన కంబళిలా, తెగకుండా, ఒక జానెడు, ఒక మూరెడు, అలా వస్తూనే ఉంది. జీవితంలో కాయిల్ మీద నుంచి తీసింది ఏదైనా పారెయ్యబుద్ధి కాకపోవడం ఇదే మొదలు. పెద్ద ముక్కను మడిచి పక్కన జాగ్రత్తగా పెట్టి, మిగిలినదాన్ని మెత్తటి కుంచెతో రేకుల వెంబడి నిలువుగా దువ్వాడు. తర్వాత మందు చల్లాడు. కాయిల్ అంతా నురగ పొంగింది, పాలు పొంగినట్టు. పొంగిన నురగ రంగులు మింగుతూ కిందికి జారి, కాయిల్ అడుగున నీళ్ళు పట్టే ట్రేలో పడింది.

అక్కడ వచ్చింది చిక్కు. ట్రేలో నీళ్ళు దిగట్లేదు. చూస్తుండగానే అంచుదాకా వచ్చాయి. ఇంకాస్త నిండితే గడప దాటి బట్టల గదిలోకే పోతాయి, అక్కడ నేల మీద దేవకన్యల పావడాలు పరిచి ఉన్నాయి. కరెంటు చేతికందిన బకెట్టుతో తోడడం మొదలుపెట్టింది. అతను పొట్ట మీద పడుకుని, చెయ్యి మోచేతిదాకా ట్రేలో ముంచి, డ్రెయిన్ మూతిలోకి తీగ దూర్చాడు. ఏదో అడ్డుపడింది. తీగ కొన వంచి, తిప్పి, కొక్కెంలా పట్టి లాగాడు. రాలేదు. కాలు గోడకి తన్ని పట్టి లాగాడు. జడలాంటిది ఒకటి, నీళ్ళు కారుతూ, రంగురంగుల దారాలు తమంతట తామే పెనవేసుకున్నది, మూరెడు పొడవున బయటికొచ్చింది. దాని వెనకే నీళ్ళన్నీ గుడగుడలాడుతూ సుడి తిరిగి దిగిపోయాయి. ట్రేలో నీళ్ళు దిగే శబ్దం అంత కమ్మగా ఉంటుందని అతను ఎవరికి చెప్పినా నమ్మరు. తడి నేల మీద అలాగే వెల్లకిలా పడి నవ్వాడు. బకెట్టు పట్టుకుని కరెంటు కూడా నవ్వింది.

"మందు కాసేపు నానాలి" అని లేచి, మడిచిన నూగు దుప్పటి చేతుల్లో పెట్టుకుని పక్క గదిలోకి వెళ్ళాడు.

ఆమె మిషను దగ్గర కూర్చుని చొక్కా చెయ్యి ఒకటి అతుకుతోంది. సన్నటి మనిషి, ఎప్పుడూ వంగి కూర్చోవడం వల్ల మెడ కాస్త ముందుకుంటుంది. మెడలో కొలతల టేపు. బ్లోయరు ఆగిపోవడంతో గది నిశ్శబ్దంగా ఉంది, మిషను శబ్దం ఒక్కటే.

"ఇదిగో, ఇలా చూడు" అన్నాడు.

ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టింది. "ఎక్కడిదండీ ఈ దుప్పటి?"

"నా కాయిల్ మీద దొరికింది. నువ్వే నేశావు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. వేలితో ముట్టుకుంది, అంచు వెలుగులోకి తిప్పి చూసింది. అప్పుడు మొహం మారింది. "ఇది రాజుగారి అంగీది" అంది. "ఇది భూతాల తోకలది. ఈ ఆకుపచ్చ వనదేవతది, మూడుసార్లు విప్పి కుట్టాను. అమ్మో, ఎంత కుట్టానో నాకే తెలీదు."

"యూనిఫారాలప్పుడు ఇల్లంతా నీలం నూగే ఉండేది, గుర్తుందా? నా టీలో కూడా."

"మీరు వడకట్టుకు తాగేవారు" అని నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయి, మిషను మీది గుడ్డ సర్దింది. "మీకెందుకండీ అంత సంబరం?" అంది.

"దేనికి?"

"నేను వెళ్తున్నానని. కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పారు. పెట్టె తెచ్చి ఇల్లంతా దొర్లించారు. ఒక్కసారైనా, ఒక్కటంటే ఒక్కసారి, నువ్వెళ్తే నాకెలాగే అంటారేమోనని చూశాను. అనలేదు. నేను లేకపోయినా ఈయనకేం లోటు లేదన్నమాట అనుకున్నాను. అలా అనుకుని వెళ్ళడం నా వల్ల కాదు. అందుకే మానేద్దామనుకున్నాను."

అతని మోచేతుల నుంచి నురగ చుక్కలు నేల మీద పడుతున్నాయి. కుడిచెవి మందమే గాని ఈ మాటలు రెండు చెవుల్లోనూ సూటిగా దిగాయి. వారం రోజులుగా తను ఎగిరిన గంతులన్నీ ఆమె వైపు నుంచి ఎలా కనబడ్డాయో అతనికి ఇప్పుడే తెలిసింది.

"అంటే ఆగిపోతావు" అన్నాడు.

"ఏంటీ?"

"ఎలాగే అని నేనంటే నువ్వు ఆగిపోతావు. ఇన్నేళ్ళ నుంచి చూడట్లేదా నిన్ను? నాకు దగ్గొస్తే నువ్వు నిద్ర మానేసే రకం. అందుకని అనలేదు. ఆ మాట నోట్లోంచి ఎక్కడ జారిపోతుందోనని, మా ఆవిడ వెళ్తోంది, వెళ్తోంది అని అందరికీ చెప్పుకుంటూ తిరిగా. ఊరంతటికీ చెప్పేశాక ఇంక నేను వెనక్కి తీసుకోలేను కదా అని."

ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మరి ఆ సంబరమంతా ఉత్తిదేనా?"

"ఉత్తిది కాదు. అదీ నిజమే. రెండూ ఉన్నాయి." అతను నూగు దుప్పటిని మళ్ళీ మడిచి మిషను పక్కన పెట్టాడు. "ఆ మొదటిరోజు రాజుగారి వీపు మీద కుట్టావు చూడు. అప్పుడు నీ మొహం చూశాను. అన్నేళ్ళు పక్కన పడుకున్నవాణ్ణి, ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆ మొహం ఊరూరా తిరిగొస్తుందనుకుంటే నాకు ఆగట్లేదు, ఏం చెయ్యను. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుంటే ఏమవుతానో నాకు తెలీదు. భయంగానే ఉంది. అది అప్పుడు చూసుకుంటా."

ఆమె తల వంచి, చొక్కా చేతికి మిగిలిన దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపింది. తల ఎత్తకుండానే, "వెళ్ళండి. మీ మందు ఆరిపోతుంది" అంది.

వెళ్తుందో వెళ్ళదో చెప్పలేదు. అడగడానికి టైము లేదు. అతను పరుగెత్తినంత పని చేసి బ్లోయరు గదిలోకి వచ్చి గొట్టం అందుకున్నాడు. ధార మెత్తగా, పైనుంచి కిందికి. గులాబిరంగు నురగ, ఊదారంగు నురగ, తెల్ల నురగ, చివరికి వట్టి నీళ్ళు. మేనేజరు రెండుసార్లు తలుపులోంచి తొంగి చూశాడు. "వస్తున్నారయ్యా జనం." అతను చెయ్యి ఊపాడే గాని ధార వేగం పెంచలేదు. రేకులు వెండిలా బయటపడ్డాయి. వంగినవాటిని దువ్వాడు. కొత్త ఫిల్టరు బిగించాడు, బ్లోయరు బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు, తలుపు మూసి మరలు బిగించాడు. ఎర్రగుడ్డ విప్పి కరెంటుకి తల ఊపాడు.

బ్లోయరు ముందు మూలిగింది, తర్వాత గొంతు సవరించుకుంది, తర్వాత నిండుగా పాడింది. అతను వేదిక మీదికి వెళ్ళి పైకి చూశాడు. గాలి వచ్చే కంతకు ఎప్పుడో కట్టిన గుడ్డపేలిక నిన్నటిదాకా వేలాడుతూ ఉండేది. ఇప్పుడది అడ్డంగా లేచి పటపట కొట్టుకుంటోంది. కొత్త గడ్డం అతికించుకున్న మంత్రి కళ్ళు మూసుకుని గాలి కింద నిలబడిపోయాడు. "బాబూ, నువ్వు చల్లగా ఉండాలి" అన్నాడు. అందరూ నవ్వారు, అతను అందరికంటే గట్టిగా నవ్వాడు.

"ఇన్నేళ్ళలో ఒక్క ఆటైనా చూశావా నువ్వు?" అన్నాడు మేనేజరు.

చూడలేదు. ఆట సాగుతున్నంతసేపూ అతని చోటు పెరట్లోనో, బ్లోయరు గదిలోనో. చప్పట్లు గోడల అవతల వాన పడ్డట్టు వినబడేవి, అంతే. మేనేజరు ఆఖరి వరుస వెనక మడతకుర్చీ వేయించాడు. తడిసిన ప్యాంటుతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దీపాలు ఆరాయి. చీకట్లో తన గాలి తన నున్నటి తలకే తగిలింది. అది అంత చల్లగా ఉంటుందని అతనికి ఇప్పటిదాకా తెలీదు.

తెర లేచింది. కథ ఏమిటో అతనికి సగం ఎక్కలేదు. ఎవరెవరు దగ్గరి బంధువులో, ఎవరి రాజ్యం ఎవరు కాజేశారో పట్టించుకోలేదు. అతను బట్టలు చూశాడు. రాజు ఇటు తిరిగితే అంగీ వీపు చూశాడు, ఆ నిలువు కుట్టు ఎక్కడుందో వెతికాడు, కనబడలేదు. భూతాలు గెంతితే తోకలు ఊడతాయేమోనని ఊపిరి బిగబట్టాడు, ఊడలేదు. వనదేవత చేతులు చాచినప్పుడు ఆకుపచ్చ రెక్కలు గాలికి విప్పారాయి, హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. అతను చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి తిరిగి చూస్తే, "మా ఆవిడ కుట్టింది" అని చెవిలో చెప్పాడు. ఆ పెద్దమనిషి అవునా అన్నట్టు కనుబొమలు ఎగరేసి మళ్ళీ వేదిక వైపు చూశాడు, ఈసారి రెక్కల్ని చూశాడు. కాసేపటికి ఆయనే వంగి, "ఆ టోపీలు కూడానా?" అని అడిగాడు. "అన్నీ" అన్నాడు అతను. ముందు వరుసలోంచి ఎవరో ఉష్ అన్నారు.

చివర్లో రాజు తన అంగీ విప్పి చలికి వణికే బిచ్చగాడికి కప్పాడు. మీసం ఊడలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు, చుట్టూ ముక్కులు ఎగబీల్చుకునే శబ్దం వినబడింది. దీపాలు వెలిగాక అతను కుర్చీ మడవడం కూడా మర్చిపోయి, జనాన్ని తోసుకుంటూ వెనకవైపు వెళ్ళాడు. ఆమెకు చెప్పాలి. రెక్కల సంగతి, పెద్దమనిషి సంగతి, అంతా.

బట్టల గది ఖాళీగా ఉంది. మిషను మీద ముసుగు కప్పి ఉంది, పక్కన కుర్చీ గోడకి జరిపి ఉంది. నడవాలో పెద్దక్క నడుముకి చెయ్యి ఆనించుకుని ట్రంకు పెట్టెలకు తాళ్ళు కట్టిస్తోంది.

"మా ఆవిడేదండీ?"

"మధ్యలో ఇంటికెళ్ళింది నాయనా. నాతో ఏమీ అనలేదు" అంది పెద్దక్క. అతని మొహం చూసి, "నేను బలవంతపెట్టనులే" అని కూడా అంది.

అతను నడవాలోనే నిలబడిపోయాడు. మనుషులు పెట్టెలు మోసుకుంటూ అతన్ని తప్పుకుని వెళ్తున్నారు. నేనే చెప్పడం ఆలస్యం చేశానేమో అనుకున్నాడు. సరేలే, ఇంటికెళ్ళి రెక్కల సంగతి చెప్దాం అనుకున్నాడు. అడుగు వెయ్యబోతుండగా, పెరటి వైపు నుంచి, రాతి నేల మీద ఏదో గరగరలాడుతూ వస్తున్న చప్పుడు ఎడమచెవికి తగిలింది. ఆ శబ్దం అతనికి బాగా తెలుసు. వంటింట్లోంచి ముందుగదిలోకి, ముందుగదిలోంచి వంటింట్లోకి విన్న శబ్దం.

ఆమె మలుపు తిరిగింది, చెమటతో, జుట్టు చెదిరి, పెట్టె లాక్కుంటూ.

"రెండో భాగంలో నా పనేం లేదు. వెళ్ళి సర్దుకొచ్చాను" అంది, రోజూ చేసే పనిలా. "ఒక చక్రం కిర్రుమంటోందండీ. దారంతా జనం తిరిగి చూశారు."

అతను గబగబా పెరట్లోకి పరుగెత్తి నూనె డబ్బా తెచ్చాడు. పెట్టెను పక్కకి పడుకోబెట్టి, చక్రం ఇరుసులో రెండు చుక్కలు వేసి, వేలితో తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. చక్రం శబ్దం లేకుండా చాలాసేపు తిరిగింది. ఆమె పక్కన వంగి చూస్తోంది. "వనదేవత రెక్కలు విప్పినప్పుడు చూశావా?" అన్నాడు అతను చక్రం వైపే చూస్తూ. "నేను పక్కన నిలబడి దారం పట్టుకుని ఉన్నాను, ఊడితే కుడదామని" అంది ఆమె. "చప్పట్లు కొట్టింది మీరే కదా. అనుకున్నాను."

వ్యాను వీధివైపు ఆగి ఉంది. పెట్టె ఎక్కించారు. ఆమె ముందువరుసలో కిటికీ పక్కన కూర్చుంది, మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయింది. కరెంటు కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆమె చెయ్యి నొక్కి వదిలింది. అతను కిటికీ అంచు పట్టుకుని, అన్నీ చూసి రా, అన్నీ గుర్తుపెట్టుకో, ఎవరు ఏం వేసుకుంటున్నారో అంతా చెప్పాలి నాకు అంటూ ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాడు. వ్యాను కదిలింది. అప్పుడు, అంచు వదులుతూ, "నువ్వెళ్తే నాకెలాగే" అన్నాడు.

"ఇప్పుడా చెప్పేది" అంది ఆమె. నవ్విందో ఏడ్చిందో వ్యాను మలుపు తిరిగేలోగా అతనికి తెలియలేదు. నూనె డబ్బా ఉన్న చేతినే ఊపుతూ చాలాసేపు నిలబడ్డాడు.

తర్వాత పెరట్లోకి వెళ్ళి చిల్లర్ కట్టేశాడు. కంప్రెసర్ ఆగాక కూడా గొట్టాల్లో నీరు కాసేపు కదిలి, అదీ ఊరుకుంది. కరెంటుతో కలిసి మెయిను గేటుదాకా నడుస్తూ, "విన్నావా, ఇప్పుడా చెప్పేది అంది" అని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నవ్వాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ముందుగదిలో పెట్టె నిలబడ్డ చోట గోడవార ఖాళీగా ఉంది. అతను లైటు వేసి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించబోయి, కిటికీ కింద ఆమె పాత మిషను వైపు చూశాడు. సూదిలో దారం ఎక్కించడం అతని కళ్ళకి ఎప్పుడో చేతకాకుండా పోయింది. గుండీ ఊడితే తానే కుట్టుకుంటానని పంతం పడతాడు గాని, దారం మాత్రం ప్రతిసారీ ఆమే ఎక్కించి ఇచ్చేది. మిషను మూత మీద పొడవాటి గుడ్డపట్టీ ఒకటి పరిచి ఉంది. దానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా సూదులు గుచ్చి ఉన్నాయి, అతని చొక్కాలకు సరిపోయేలా ఖాకీ, తెలుపు, నలుపు, మట్టిరంగు, ఒక్కొక్క సూదికీ జానెడు దారం, ఒక్కొక్క దారం చివరా ముడి.